తొమ్మిది ఎర్ర చుక్కలు

మా మేనత్త కొత్త బట్టలు కుట్టదు. పాతవి బాగుచేస్తుంది. వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, చిరిగినవి అతకడం, ముప్పై ఏళ్ళుగా ఇదే పని. ఆవిడ దగ్గర రెండు సుద్దముక్కలుంటాయి. నీలం సుద్దతో గీసిందంటే అక్కడ పని ఉందని. ఎర్ర సుద్దతో గీసిందంటే ఆ చోట గుడ్డ చివికిపోయిందని, కుట్టు నిలవదని. ఎర్ర గీతలు మూడు దాటితే ఆ బట్టను మడతపెట్టి తెచ్చినవాళ్ళకే ఇచ్చేస్తుంది. ఎంత బతిమాలినా వినదు, మొండిఘటం.

ఆవిడకు ఇంకో పట్టింపు ఉంది. గుడ్డ కత్తెరతో గుడ్డ తప్ప మరేదీ కోయకూడదు. చిన్నప్పుడు ఆ కత్తెరతో కాగితం పూలు కత్తిరించినందుకు నేను తిన్న చీవాట్లు ఇప్పటికీ అరగలేదు.

ఆవిడ మిషన్ ఇనుప కాళ్ళ పాతకాలపు మిషన్. మొదటిసారి అద్దె గది మారినప్పుడు, మోయడానికి పట్టు దొరకాలని దాని కాళ్ళకు తాడు కట్టారు. దించాక అత్త ఆ తాడు విప్పలేదు. "ఎందుకు విప్పడం, మళ్ళీ కట్టడం?" అంది. కాలికి అడ్డం రాకుండా వెనక్కి చుట్టిపెట్టుకుని కుట్టుకుంటూ వచ్చింది. అలా ఏడు గదులు మారాం. నేనూ ఆవిడా కలిసే ఉంటాం కాబట్టి ఆ మోతలో నా వాటా నాకుంది.

ఏడో గది యజమాని కూడా ఖాళీ చేయమన్నాక అత్త ఇక గది వెతకలేదు. ఇల్లే వెతికింది.

"ఇంకోసారి ఎత్తితే నా నడుమన్నా పోతుంది, దాని కాళ్ళన్నా పోతాయి. ఇక కదిలేది లేదు," అంది.

దొరికింది యాభై ఏళ్ళనాటి ఇల్లు. మెట్లు లేవు. వీధివైపు గదికి రెండు పెద్ద కిటికీలు. అమ్మేది రిటైరైన పోస్ట్‌మాన్. అత్త ఆ గది మధ్యలో నిలబడి, అరచేయి చాపి, దాని మీద పడ్డ వెలుతురును కాసేపు చూసుకుంది. మనసు పారేసుకుందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

పాత ఇల్లు కదా, కొనేముందు ఒక ఇంజనీరుకు చూపిద్దామని సతాయించింది నేనే. నలభై రెండు పేజీల రిపోర్టు వచ్చింది. ప్రతి అంశం పక్కనా ఒక రంగు చుక్క ఉంది. పచ్చ, పసుపు, ఎరుపు. అత్త కళ్ళద్దాలు పెట్టుకుని ఎర్రవి మాత్రం లెక్కపెట్టింది. తొమ్మిది తేలాయి. రిపోర్టు మూసి నా ఒళ్ళో పెట్టింది.

"మూడు దాటితేనే తిప్పి పంపేదాన్ని. తొమ్మిదంటే అది ఇల్లు కాదే, జల్లెడ."

నేనూ చదివాను. సగం అర్థం కాలేదు, అర్థమైన సగం భయపెట్టింది. పైకప్పులో తడి ఉండవచ్చట, చెదలు ఉండవచ్చట, గోడ కదులుతూ ఉండవచ్చట. నాకు ఏడుపొచ్చింది. చూపిద్దామన్న పాపం నాదే మరి.

మర్నాడు పొద్దున్నే పోస్ట్‌మాన్‌కు వద్దని చెప్పడానికి బయలుదేరాం. దారిలో ఇంజనీరు ఆఫీసు ముందు అత్త ఆగింది.

"ఒక్క మాట అడిగి పోదాం. పనికిరాని గుడ్డ గురించి ఇంత కథ ఎవరన్నా రాస్తారా?"

ఇంజనీరు బక్కపలచని మనిషి. అత్త కూర్చోకుండానే అడిగేసింది.

"తొమ్మిది చోట్ల పాడైపోయిన ఇంటిని అసలు ఎలా అమ్ముతారు సార్?"

"పాడైపోయిందని నేనెక్కడ రాశానమ్మా?"

"ఎర్రచుక్కలు పెట్టారుగా."

"ఎరుపంటే పోయిందని కాదమ్మా. సంతకం పెట్టేలోపు తేల్చుకోమని. రెండో పేజీలోనే రాశాను."

రెండో పేజీ మేమిద్దరం చదవలేదు. నేను తల దించుకున్నాను. అత్త మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆయన తొమ్మిదీ విడమరిచి చెప్పాడు. ఆరు చోట్ల ఆయనకు చూడడానికే కుదరలేదు. అటక తలుపుకు మేకులు కొట్టేశారు, వెనక గది నిండా పెట్టెలు పేర్చి ఉన్నాయి. "కనపడనిదాన్ని బాగుందని ఎలా రాస్తానమ్మా?" అన్నాడు. మరో రెండు, కారుతున్న నీళ్ళ గొట్టం, మార్చాల్సిన వైర్లు. చేయించుకుంటే సరిపోతుంది. మిగిలింది వెనక గోడలో పగులు.

"అసలు ప్రశ్న ఇదొక్కటే. ఎప్పుడో పగిలి ఆగిపోయిందా, ఇంకా కదులుతోందా? బీరువా అడ్డం ఉండి పైన జానెడే కనిపించింది. పాతదైతే పగులు లోపలికి రంగు దిగి ఉంటుంది. కొత్తదైతే అంచులు పదునుగా ఉంటాయి. కదిలేదే అయితే కొనొద్దని నేనే చెప్తాను."

"అయితే బీరువా జరుపుదాం పదండి," అంది అత్త.

ముగ్గురం వెళ్ళాం. పోస్ట్‌మాన్ కాదనలేదు. మేకులు పీకాం, పెట్టెలు జరిపాం. అటక పొడిగా ఉంది, చెదలు లేవు. మధ్యాహ్నానికి ఆరు చుక్కలూ పచ్చబడ్డాయి. చివరికి బీరువా జరిపాం. పగులు నేలదాకా ఉంది.

ఇంజనీరు నిచ్చెన ఎక్కాడు. అత్త దారాలు చూసుకునే భూతద్దం తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, గోడకు ముక్కు ఆనించినంత పని చేసింది. గోరుతో ఒక మూల గీకింది.

"ఇక్కడ పూడ్చేశారు సార్. పైన మీగడ రంగు, దాని కింద నీలం, నీలం కింద ఆకుపచ్చ. మూడు పూతలు. ఒక్కటీ చిట్లలేదు. గుడ్డ ఇంకా లాగుతుంటే ముందు తెగేది కుట్టే కదా."

"పైన కూడా పగులు లోపల ఆకుపచ్చ ఉందమ్మా," అన్నాడు ఇంజనీరు. పోస్ట్‌మాన్ వైపు తిరిగాడు. "ఈ ఆకుపచ్చ ఎప్పుడు వేయించారండీ?"

"మా పెద్దమ్మాయిని బళ్ళో వేసిన ఏడు. పక్కవాళ్ళు పునాది తవ్వితే పగిలింది. ముప్పై ఏళ్ళు దాటింది."

"మరి మొన్న నాకు చెప్పలేదేం?"

"మీరు గోడల్నే తట్టి చూశారు గానీ, నన్ను అడగలేదుగా."

ఇంజనీరు నిచ్చెన దిగి, పగులు పాతదని, ఆగిపోయిందని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చాడు. అత్త లేవబోయి, లేవలేక, అక్కడే నేల మీద చతికిలబడి నవ్వింది. హమ్మయ్య అని నేనూ పక్కన కూలబడ్డాను.

నెల తిరిగేసరికి ఇల్లు మాదైంది. నలుగురు మనుషులు మిషన్‌ను వీధి గదిలో, కిటికీ పక్కన దించారు. వాళ్ళు వెళ్ళాక అత్త వంగి తాడు ముడి విప్పబోయింది. ఇన్నేళ్ళ ముడి బిగుసుకుపోయి రాలేదు. వంటింట్లోంచి కత్తి తెస్తానని లేచాను.

"కూర్చో," అంది.

గుడ్డ కత్తెర తీసి తాడు కోసేసింది. రెండుసార్లు గట్టిగా నొక్కాల్సి వచ్చింది.

"మొద్దుబారుతుందత్తా," అన్నాను, ఆశ్చర్యం ఆపుకోలేక.

"బారనీవే. సాన పట్టించుకుంటాలే," అని తాడు ముక్కలు నా చేతికిచ్చి పారేయమంది.