వేలంలో కొన్న పేరు నుంచి వెళ్ళిన జవాబులు

2005 వానాకాలం. విశాఖపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్ వెనక సందులో నాకొక ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఆరు కంప్యూటర్లు, వాటి మధ్య ప్లైవుడ్ అడ్డులు, కౌంటర్ మీద ఒక ప్రింటర్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హాల్‌టికెట్లు, పరీక్షా ఫలితాలు, ఉద్యోగాల దరఖాస్తులు. అది పైకి కనిపించే వ్యాపారం. కౌంటర్ వెనక నా సొంత కంప్యూటర్లో ఇంకోటి నడిచేది. డొమైన్ పేర్లు కొని అమ్మేదాన్ని.

డొమైన్ అంటే ఇంటర్నెట్‌లో ఒక సంస్థకి ఉండే చిరునామా. దాన్ని ఎవరూ శాశ్వతంగా కొనుక్కోలేరు, ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. చేయించకపోతే కొన్నాళ్ళు గడువిస్తారు. అప్పటికీ ఎవరూ పట్టించుకోకపోతే పేరు వేలానికి వస్తుంది. ఆన్‌లైన్‌లో ప్రాక్సీ బిడ్ అని ఒకటుంది. ఎంతవరకు పాడదలిచామో ముందే చెప్పి ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోవచ్చు, మన తరఫున కంప్యూటరే పాడుతుంది. మా అమ్మకి ఇది చెబితే పడీపడీ నవ్వింది. ఆవిడ పాతికేళ్ళుగా ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకుండానే పాటకి నిలబడి చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగి అమ్మిన మనిషి.

"పాటలో నోరు కాదే, కళ్ళు కావాలి," అంది. "సేప కన్ను సూడు, మొప్ప సూడు. ఎవుడి వల్లో పడిందో మనకెందుకు?"

ఆ సలహాతోనే నాలుగేళ్ళు వ్యాపారం చేశాను. పేరు పొట్టిగా ఉందా, నోటికి పలుకుతుందా, ఎవరికైనా పనికొస్తుందా? ఇవే చూసేదాన్ని. అంతకు ముందు అందులో ఎవరు కాపురం ఉన్నారో ఏనాడూ అడగలేదు.

ఆ ఏడాది వేలానికి వచ్చిన పేరు మా పక్క సందులోనే ఉండిన ఒక మ్యానింగ్ ఏజెన్సీది. మ్యానింగ్ ఏజెన్సీ అంటే ఓడలకి మనుషుల్ని కుదిర్చి పంపే సంస్థ. ముందటేడు వాళ్ళు బోర్డు పీకేసి తాళం వేసుకుపోయారు. ఎందుకో నేను ఆరా తీయలేదు. ఆ పేరు ఇప్పుడు కూడా చెప్పను. సముద్రానికి సంబంధించిన రెండు చిన్న మాటలు, పక్కపక్కన ముచ్చటగా ఒదిగిపోయాయి. ఏ షిప్పింగ్ కంపెనీ అయినా కళ్ళకద్దుకుని కొనుక్కుంటుందనిపించింది. ప్రాక్సీ బిడ్ పెట్టాను. పొద్దున్న వచ్చి చూస్తే పేరు నాదైంది. ఆ రోజు సెంటర్లో అందరికీ టీ నేనే ఇప్పించాను.

కొన్న ప్రతి పేరుకీ క్యాచ్-ఆల్ పెట్టడం నా అలవాటు. అంటే ఆ డొమైన్ ముందు ఏ మనిషి పేరు పెట్టి ఉత్తరం పంపినా సరే, అన్నీ ఒకే పెట్టెలో వచ్చి పడతాయి. కొనేవాళ్ళు ఏ పేరుకి రాస్తారో తెలియదు కదా, ఒక్క బేరం కూడా తప్పిపోకూడదని.

వారానికి వచ్చిన మొదటి ఉత్తరం బేరం కాదు. సన్యాసిరావు అనే పేరుకి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, కింద పైడితల్లి అని సంతకం.

"పాపకి జరం తగ్గింది. మన దిగువ మడి నాట్లయిపోయినాయి. అక్కడ వాన పడతందా?"

పొరపాటున వచ్చిందనుకున్నాను. మర్నాడు సాయంత్రం ఇంకోటి వచ్చింది, 'నన్ను బతికించినావు' అని మొదలైంది, ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ మర్నాడు మరోటి. రోజూ అయిదుంపావు దాటాకే వచ్చేవి. ఆవు ఈనింది, పాప నాలుగు అంకెలు నేర్చింది, మావయ్యకి మోకాళ్ళు పట్టేశాయి. పరాయి వాళ్ళ ఉత్తరాలు చదవకూడదని నాకు తెలియక కాదు. రోజూ మూసేస్తాననుకునేదాన్ని, రోజూ తెరిచేదాన్ని. మనుషులు ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇంట్లో దిగితే, పాత అద్దెకున్నవాళ్ళ కోసం ఎవరో రోజూ వేళ తప్పకుండా తలుపు కొడుతున్నట్టుండేది.

తొమ్మిదో రోజు ఉత్తరం రెండుసార్లు చదివాను.

"నిన్న కూడా నీ జవాబు వచ్చింది. మళ్ళీ అదే రెండు ముక్కలేనా? పనెక్కువగా ఉందేటి? నాకు నువ్వు రాసినావు, అదే సాలు."

జవాబా? ఈ పేరు నాది, తాళం చెవి నా ఒక్కదాని దగ్గరే ఉంది. నేను ఒక్క అక్షరం కూడా రాయలేదు. మరి సన్యాసిరావు పేరుతో రాస్తున్నదెవరు? ఎవరో లోపలికి దూరారనుకుని పాస్‌వర్డ్ మార్చాను. మర్నాడు సాయంత్రం వచ్చిన ఉత్తరంలో మళ్ళీ అదే మాట: నీ జవాబు అందింది.

నేను దయ్యాలని నమ్మే మనిషిని కాను. అయినా ఆ పూట కౌంటర్ మీద లైటు వేసుకుని కూర్చున్నాను.

అప్పుడు హెడర్ తెరిచాను. ప్రతి ఈ-మెయిల్ వెనకా కవరు మీది పోస్టాఫీసు ముద్ర లాంటి వరసలు కొన్ని ఉంటాయి. ఉత్తరం ఏ కనెక్షన్ నుంచి బయల్దేరిందో ఆ నంబరు అందులో దొరుకుతుంది. చూశాను. ఆ నంబరు నాకు కంఠతా వచ్చు. అది నా సెంటర్ నంబరు. ఉత్తరం బయల్దేరి రెండు నిమిషాలు కూడా కాలేదు.

తలెత్తాను. గోడ గడియారం అయిదూ ఇరవై రెండు చూపిస్తోంది. నాలుగో క్యాబిన్‌లోంచి ఎవరో మెల్లగా, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని టైపు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఇన్ని రోజులుగా నేను చదువుతున్న మాటలన్నీ నాకు పది అడుగుల దూరంలో, ఒక ప్లైవుడ్ చెక్కకి అవతల పుడుతున్నాయన్నమాట. లేచి వెళ్ళి చూసే ధైర్యం చాలలేదు. కౌంటర్ మీద ప్రింటర్ తనంతట తనే కదిలింది. ఎవరో లోపలి నుంచి ప్రింట్ ఇచ్చారు.

బయటికి వచ్చిన కాగితం మీద రెండు ఇంగ్లీషు వాక్యాలున్నాయి. మీ సందేశం అందింది. త్వరలోనే జవాబిస్తాం. పంపినవారు: సన్యాసిరావు.

ఆ వాక్యాలు నావే. అక్షరం పొల్లుపోకుండా నావే. పేరు కొన్న రోజునే ఆటో-రెస్పాండర్ పెట్టాను, అంటే ఉత్తరం రాగానే దానంతటదే జవాబు పంపే ఏర్పాటు. బేరగాళ్ళు ఇంకోచోటికి పోకుండా అందరికీ రెండు మర్యాద ముక్కలు. పెట్టి, మరిచిపోయాను. ఆ ఏర్పాటుకి ఒక సెట్టింగ్ ఉంటుంది. మనం మార్చకపోతే, ఉత్తరం ఎవరి పేరుకి వచ్చిందో ఆ పేరు మీదే జవాబు వెళుతుంది. నేను మార్చలేదు.

ఆ కాగితం కోసం వచ్చినామెకి పాతికేళ్ళుంటాయి. కంటి ఆసుపత్రి యూనిఫాం చీర కట్టుకుని ఉంది. రోజూ చూస్తున్న మొహమే. పద్మనాభం అనే ఊరి నుంచి బస్సులో వచ్చి, ఆసుపత్రిలో చీటీలు రాసే ఉద్యోగం చేసుకుని, తిరుగు బస్సు వేళకి ముందు మా సెంటర్లో పావుగంట కూర్చునేది.

"ఎవరమ్మా రాసింది?" అనడిగాను.

"మా ఆయనక్కా. ఓడ మీదున్నాడు," అని కాగితం జాగ్రత్తగా మడిచి బ్యాగులో పెట్టుకుంది. అందులో అలాంటి మడతలు, నేను చదవకుండానే చేతికిచ్చినవి, ఇంకా చాలా కనిపించాయి. నేను నోరు తెరిచేలోపు బస్సు కోసం పరిగెత్తింది.

ఆ సాయంత్రమే ఆటో-రెస్పాండర్ ఆపేశాను. పీడ వదిలిందనుకున్నాను. నాకంటే తెలివితక్కువవాళ్ళు ఇంకెవరైనా ఉంటారా? మర్నాడు నేను భోజనానికి వెళ్ళొచ్చేసరికి పెట్టెలో ఏడు ఉత్తరాలున్నాయి. పని మధ్యలో ఆసుపత్రి కంప్యూటర్ నుంచి రాసినట్టుంది.

"ఏటయింది? నిన్నటిదాకా జవాబిచ్చినావు కదా."

"ఒంట్లో బాగులేదేటి?"

"కోపమొచ్చిందేటి నా మీద?"

ఆఖరిది కాస్త పెద్దది. "శుక్రవారం పాపనెత్తుకుని బొంబాయి వచ్చెత్తన్నాను. మీ కంపెనీ పెద్దాఫీసుకెల్లి కూకుంటాను. నిన్ను సూపించీదాకా లేవను."

ఆ పెద్దాఫీసు ఈ భూమి మీద లేదు. ఆ సంస్థకి మిగిలిందల్లా ఒక పేరు, అది నా దగ్గరుంది. ఒక ఆడపిల్ల, నాలుగేళ్ళ బిడ్డ, భాష రాని ఊరు. ఆపాలంటే ఒక్క వాక్యం చాలు. సన్యాసిరావు పేరుతో 'రావద్దు' అని రాస్తే ఆగిపోతుంది. రాశాను కూడా. పంపే బటన్ మీద వేలు పెట్టాక భయమేసింది. అప్పటిదాకా నాకు తెలియకుండా జరిగింది తప్పు. ఇది పంపితే, ఎక్కడున్నాడో తెలియని మనిషి చెయ్యి పట్టుకుని నేను రాయించినట్టు. చెరిపేశాను. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అంటారు. తొక్కాను కాబట్టి కడుక్కోక తప్పదు.

గురువారం సాయంత్రం ఆమె వచ్చి నాలుగో క్యాబిన్‌లో కూర్చుంది. స్టూలు తీసుకుని పక్కన చేరాను.

"పైడితల్లీ, నీతో ఒక మాట చెప్పాలమ్మా."

ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. "నా పేరు మీకెలగ తెల్సు?"

ఆ క్షణంలో ఆమె కళ్ళకి నేనే దయ్యాన్ని. ఉన్నదున్నట్టు చెప్పాను. వేలం, పేరు, పెట్టె, ఆ రెండు వాక్యాలు. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"కాదక్కా. ఓడలోంచి కబురెప్పుడొచ్చినా అలగే వచ్చీది, ఇంగ్లీషులో రెండు ముక్కలు. ఆయన పేరుతోనే వచ్చీది. మీకేటి తెల్సు?"

వాదించి లాభం లేదనిపించింది. ఆటో-రెస్పాండర్ మళ్ళీ పెట్టాను. "లోకంలో ఏ ఓడా ఎక్కని పేరొకటి రాసి పంపించు," అన్నాను.

చాలాసేపు ఆలోచించింది. గౌరి అని కొట్టి, ఏమీ రాయకుండా పంపింది. అర నిమిషంలో జవాబు వచ్చింది. మీ సందేశం అందింది. త్వరలోనే జవాబిస్తాం. పంపినవారు: గౌరి.

"మా ఆవు," అంది పైడితల్లి.

నవ్వుతుందేమో అనిపించేలా పెదవులు కదిలాయి గానీ నవ్వలేదు. బ్యాగులోంచి మడతలన్నీ తీసి కీబోర్డు మీద పెట్టింది. అప్పుడు చెప్పింది. ఓడ కనిపించకుండా పోయి ఏడాది దాటింది. ఆఫీసు మూసేశాక కూడా ఆమె రాస్తూనే ఉంది. ఆ వేసవిలో రెండు నెలలపాటు ఉత్తరాలన్నీ బౌన్స్ అయ్యాయి, అంటే అలాంటి చిరునామా లేదని తిరిగొచ్చేశాయి. అది పేరు వేలానికి ముందు చచ్చిపడి ఉన్న కాలమని నాకు అర్థమైంది.

"తిరిగొచ్చీసినాయి కదా, ఇంక మనిసి నేడని అప్పుడే ఒప్పీసుకున్నానక్కా. గుండెలవిసిపోయీలాగ ఏడిసినాను. శవం నేదు కదా, దర్బల్తో బొమ్మ సేసి కర్మ సేత్తామని మావయ్య రోజు పెట్టినాడు. అలవాటు మానలేక ఓ ముక్క రాసినానా, ఆ వారంలోనే ఈ జవాబొచ్చింది. కాయితం పట్టికెల్లి సూపించినాను. మావయ్య దర్బలన్నీ తీసుకెల్లి గెడ్డ నీల్లలో కలిపీసొచ్చినాడు."

నేను తల దించుకున్నాను.

"ఓసారి ఏడిసి పంపించీసిన మనిసిని మల్లా ఎలగ ఏడాలక్కా? నాకు తెల్డం నేదు."

చివరికి ఆమే అడిగింది, మునుపటిలా తిరిగొచ్చేలా చెయ్యమని. క్యాచ్-ఆల్ తీసేశాను. ఆమె తెర నాకు కనపడకుండా భుజం అడ్డుపెట్టి సన్యాసిరావుకి ఏదో రాసి పంపింది. అది నేను చదవని మొదటి ఉత్తరం. నిమిషంలో తిరిగొచ్చింది. అలాంటి చిరునామా లేదు. ఆ వాక్యం మీద వేలు పెట్టి, పిల్లలు వాచకం చదివినట్టు కూడబలుక్కుని పైకి చదివింది. శుక్రవారం ఆమె బండెక్కలేదు. మళ్ళీ రోజు పెట్టుకుని కర్మ చేశారని ఆసుపత్రిలో ఆమెతో పనిచేసే అమ్మాయి చెప్పింది. పైడితల్లి మా సెంటర్‌కి మరి రాలేదు.

అప్పటి నుంచీ ఏ పేరు కొన్నా మూడు నెలలు దానికి ఏ ఏర్పాటూ పెట్టను. అందులో ఎవరున్నారో, ఎందుకు వెళ్ళిపోయారో ముందు కనుక్కుంటాను. ఎవరైనా రాస్తే లేదని తిరిగిపోనిస్తాను. మా వ్యాపారంలో ఉన్నవాళ్ళు దీన్ని చాదస్తమంటారు. 'లేదు' అన్న మాట ఒక మనిషికి ఎంత అవసరమో నేను నాలుగో క్యాబిన్‌లో చూశాను, కాబట్టి పట్టించుకోను.

పైడితల్లి వెళ్ళాక ఆటో-రెస్పాండర్ లాగ్ తెరిచాను. అది ఎవరెవరి పేరుతో ఎవరికి జవాబిచ్చిందో ఆ జాబితా. చూడాలని అంతకు ముందు తట్టలేదు; పెట్టెలో రోజూ పడే ప్రకటనల కుప్పలో సన్యాసిరావువి తప్ప మిగతావి నేను సరిగా చూడనేలేదు. ఆ ఓడ మీద వెళ్ళినవాళ్ళలో మరో ఆరుగురి పేర్లతో, ఆరు ఇళ్ళకి జవాబులు వెళ్ళాయి. నా అసలు పేరు, ఫోన్ నంబరు పెట్టి, జరిగిందంతా ఆరుగురికీ రాశాను. నలుగురు ఫోన్ చేశారు. ఇద్దరు తిట్టారు, ఒకాయన ఏడ్చాడు, ఒకావిడ అంతా విని ఫోన్ పెట్టేసింది. ఐదో ఇంటి నుంచి ఏమీ రాలేదు. ఆరో ఇంటి నుంచి నెల తర్వాత ఒక్క వాక్యం వచ్చింది. కొడుకు కోసం ఎదురుచూస్తున్న ఒక తల్లి ఎవరి చేతో రాయించింది.

"నువ్వు అబద్దమాడతన్నావు, మా బాబు నాకు జవాబిచ్చినాడు."