నంబరు బిళ్ళ మీద నిలబెట్టిన గుర్రం

కొక్కెం నుంచి మల్లయ్య బిళ్ళ తీసింది నేనే. విచారణలో ఆ మాట చెప్పలేదు. దయ్యాలను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

అరవైల చివర, గోదావరిఖనిలో ఒక బొగ్గుబావి దగ్గర నాది బిళ్ళలు చూసే పని. దిగేముందు ప్రతి కార్మికుడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇస్తాడు. బోర్డు మీద కొక్కేనికి తగిలిస్తాను. పైకొచ్చి తీసుకుంటాడు. బిళ్ళ ఉంటే మనిషి కింద ఉన్నట్టు, లేకుంటే పైకొచ్చినట్టు.

సర్వే ఆఫీసులో పనిచేసే రాజేశానికీ నాకూ ఒకటే పిచ్చి. సీసం కరిగించి వేలెడంత కాకతీయ సైనికులను, ఢిల్లీ సైనికులను పోతపోసేవాళ్ళం. బల్ల మీద ఇసుక గుట్టలు చేసి, పాచికలు వేసి యుద్ధం ఆడేవాళ్ళం. పోత అంచులు ఆకురాయితో అరగదీయడం, రంగు వేయడం, చెక్కముక్కకు అతికించి దాని మీద జిగురు పూసి ఇసుక చల్లడం నా వంతు.

ముందుకాళ్ళు ఎత్తిన గుర్రం మాత్రం చెక్క మీద నిలవలేదు.

"మల్ల బోర్లపడ్డది బావా! నీ గుర్రం గుడుంబ తాగొచ్చిందా ఏంది?" అని రాజేశం నవ్వాడు. "అడుగున బరువు పెట్టాలె."

మర్నాడు డ్యూటీలో నా కళ్ళు బిళ్ళల మీద పడ్డాయి. సరిపోతుందేమో చూద్దామని ఒకటి తీసి, వెంట తెచ్చుకున్న గుర్రాన్ని జిగురుతో అతికించాను. నా షిఫ్టు అయిపోయేలోపు ఊడదీసి తగిలించాలనుకుని మరిచిపోయాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. రేపిద్దాంలే అనుకుని ఇసుక కూడా చల్లాను. ఆ బిళ్ళ ఏదని ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదో నేను ఆలోచించలేదు.

ఆ రోజు మల్లయ్యది కింద పంపు దగ్గర ఒంటరి డ్యూటీ. కప్పు కూలింది. బోర్డు మీద బిళ్ళ లేదు కనుక ఎవరూ వెతకలేదు. మర్నాడు అతని భార్య లక్ష్మక్క వచ్చి మొత్తుకుంటే దిగారు. శవం మోకాళ్ళ దాకా బొగ్గు బురదలో ఉంది. చాలాసేపు బతికే ఉన్నాడని డాక్టరు అన్నాడు.

మల్లయ్య పైకొచ్చి బిళ్ళ తీసుకుని, రాగితీగ దొంగతనానికి మళ్ళీ దిగాడని విచారణలో తేల్చారు. నేను తలూపాను.

వారం తర్వాత చూస్తే గుర్రం కాళ్ళకు మోకాళ్ళ దాకా నల్లటి తడి బురద. పక్కనున్న సైనికులు పొడిగా ఉన్నారు. కడిగి, రంగు వేసి, కొత్త ఇసుక చల్లాను. మళ్ళీ అదే. గాజుసీసాలో పెట్టి మూతకు మైనం పోశాను. మైనం చెక్కుచెదరలేదు. లోపల బురద మాత్రం వచ్చింది. రాజేశం వేలితో నలిపి చూసి, "గిది బావిల బురదే" అన్నాడు. ఆ తర్వాత ఆటకు రాలేదు.

ఏడేళ్ళు అట్లాగే గడిచాయి. మైనం దాటి అది ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరికి శ్రీరాంపూర్‌లో తన అన్న ఇంట్లో ఉంటున్న లక్ష్మక్క దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు.

"నా మనిషి దొంగ కాదని నాకెర్కలేదా? నా చెవుల చెప్పుడెందుకు? బావి కాడ చెప్పు. గాడనే గదా దొంగన్నరు."

మర్నాడు షిఫ్టు మారే వేళ ఆమె నా వెంట వచ్చింది. దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు ఆగారు.

"మల్లన్న దొంగ కాదు" అన్నాను. "ఆయన పైకి రానే లేదు. బిళ్ళ నేను తీసిన, బొమ్మ కోసం. తెలిసి కూడా నోరు మూసుకున్న. అక్కా, తప్పు నాది. మాఫ్ చెయ్యి."