మేస్త్రి అరచెయ్యి

ఆ తాపీ మేస్త్రి గురించి చెప్పాలంటే ముందు అతని చేతుల గురించే చెప్పాలి. ఏళ్ల తరబడి సిమెంటులో నానిన చేతులు. అరచేతుల నిండా కాయలు, వేళ్ల చివర పగుళ్లు. కొత్త చొక్కా తొడుక్కుంటే దారాలు లేచొచ్చేవి.

అలాంటి చేతుల్లోకి లేకలేక ఓ ఆడపిల్ల వచ్చింది. ఇంట్లో అందరికీ బుడంకాయ. ఐదో నెల వచ్చేసరికి దాని బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక పొలుసులు లేచాయి. పాపం, దురద అని చెప్పడానికి మాట రాదు కదా! మొహం దుప్పటికేసి రుద్దుకుంటూ గుక్కపట్టి ఏడ్చేది. అమ్మమ్మేమో అది మురికనుకుని, వేడినీళ్లు పోసి వాసన సబ్బుతో తోమి పెట్టేది. తోమినకొద్దీ ఎక్కువయ్యేది.

తల్లి ఎత్తుకున్నా ఏడుపే, అమ్మమ్మ ఎత్తుకున్నా ఏడుపే. సాయంత్రం మేస్త్రి పని దిగొచ్చి, కాళ్లూ చేతులూ కడుక్కుని వీపు నిమిరేవాడు. అంతే! మంత్రం వేసినట్టు ఏడుపు ఆగేది. కళ్లు అరమోడ్చి, ఒళ్లంతా అతని చేతికి ఒత్తుకునేది. ఇంక మనవాడి కాళ్లు నేల మీద ఆనుతాయా? మర్నాడు పరంజా ఎక్కి అందరికీ అదే కథ.

"నేను ముట్టుకుంటే చాలురా, నా కూతురు కిక్కురుమనదు!"

"నవమాసాలు మోసింది నేనూ, గారాలన్నీ నాన్న దగ్గరా!" అని భార్య మూతి తిప్పుకునేది.

ఎర్రదనం ఎంతకీ తగ్గకపోతే చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ పిల్లని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది ఎగ్జిమా, మురికీ కాదు, అంటుకునేదీ కాదు, చర్మం తడిని నిలుపుకోలేకపోతోంది అంది. గోరువెచ్చని నీళ్లతో కాసేపే స్నానం, వాసన లేని సబ్బు, రుద్దకుండా మెత్తగా అద్దడం, తడి ఆరకముందే ఒళ్లంతా ఆయింట్‌మెంట్ దట్టంగా పుయ్యడం, ఇవి రోజూ చెయ్యాలంది.

అంతలో పిల్ల రాగం అందుకుంది. మేస్త్రికి అదను దొరికింది. "చూడండి డాక్టరమ్మా" అంటూ వీపు నిమిరాడు. టక్కున ఊరుకుంది.

డాక్టరమ్మ అతని అరచెయ్యి తిప్పి చూసింది. తర్వాత పిల్ల వీపు మీద సన్నటి ఎర్ర గీతలు చూపించింది.

"మీ చెయ్యి గరుకు కదండీ, గోకినట్టుండి దానికి హాయిగా ఉంటుంది. కానీ గోకినకొద్దీ చర్మం రేగుతుంది, దురద ఇంకా పెరుగుతుంది" అంది మెల్లగా.

మేస్త్రి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఇన్నాళ్లూ ముద్దు చేస్తున్నాననుకుని పిల్లని గీరుతూ వచ్చాడన్నమాట! ఇంటికొచ్చేదాకా చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.

ఆ రోజు నుంచి పిల్లని ముట్టుకుంటే ఒట్టు. అది చేతులు చాపితే, పెరట్లో ఏదో పనున్నట్టు తప్పుకునేవాడు. చూసి చూసి భార్యకి ఒళ్లు మండింది.

"ఏమయ్యా, చేతులు నరుక్కుంటావా ఏంటి? కూర్చో ఇక్కడ! ఈ మందు పెద్దవాళ్లూ రాసుకోవచ్చా అని డాక్టరమ్మని అడిగే వచ్చాను." పిల్లకి రాసే ఆయింట్‌మెంట్ డబ్బా మూత తీసి, అతని అరచేతులకి దట్టంగా పట్టించింది. "నాకిప్పుడు పిల్లలు ఇద్దరయ్యారు, ఏం చేస్తాం!"

కొత్త గోడకి నీళ్లు కొట్టకపోతే బీటలిస్తుందని లోకానికంతా చెప్పే మనిషి, తన చేతుల సంగతి ఏనాడూ ఆలోచించలేదు. పనిలో రబ్బరు గ్లౌజులు తొడుక్కున్నాడు. "పెళ్లికొడుకొచ్చాడ్రోయ్, మట్టి అంటకూడదట!" అని తోటివాళ్లు ఆటపట్టించారు. అయినా గ్లౌజులు తియ్యలేదు.

కొన్నాళ్లకి పిల్ల బుగ్గలు నెమ్మదించాయి. పూర్తిగా పోలేదు, వస్తూ పోతూ ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. అతని చేతులూ మెత్తబడ్డాయి. అప్పుడు పట్టుకుంది కొత్త బెంగ. ఇన్నాళ్లూ పిల్ల ఊరుకున్నది ఆ గరుకుకే కదా, ఇప్పుడిక నాతో దానికేం పని?

ఓ సెలవురోజు స్నానం చేయించి, ఒళ్లు అద్ది, భార్య పిల్లని అతని ఒళ్లో కూర్చోబెట్టింది. డబ్బా చేతికిచ్చి "రాయి" అంది. మెత్తగా వీపుకి పూశాడు. పిల్ల అలవాటు కొద్దీ వీపు చేతికి ఒత్తింది. ఆ గరుకు తగల్లేదు. వెనక్కి తిరిగి అతని మొహం చూసింది. ఏడవబోతూ పెదవి వంచింది.

"చూశావా, నువ్వే తీసుకోవే" అన్నాడు. భార్య కదల్లేదు.

పిల్ల అతని బొటనవేలు దొరకబుచ్చుకుంది. జిడ్డుకి జారిపోతే మళ్లీ పట్టుకుంది. అలాగే అతని గుండెకి తల ఆనించి కళ్లు మూసింది. మేస్త్రి ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఇప్పుడు దానికి దురద లేదు. అయినా వేలు వదల్లేదు.