చెంగల్రాయుడి టెంకాయ మహిమ

తిరుపతిలో ధనశేఖర్ అనే ఆసామి అద్దెకు తిప్పే కార్లలో ఒకదానికి చెంగల్రాయుడు డ్రైవరు. ఎండలు ముదిరినప్పటి నుంచి ఆ కారు తిరుమల ఘాట్ రోడ్డులో సగం దూరం ఎక్కి ఆగిపోవడం నేర్చింది. ఇంకొకరైతే మెకానిక్‌కు ఫోన్ చేసేవారు. ఈయన డిక్కీలోంచి టెంకాయ తీసేవాడు. కర్పూరం వెలిగించి, కారుకు దిష్టి తీసి, టెంకాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వచ్చిన మంత్రాలూ రాని మంత్రాలూ చదివి తాళం తిప్పితే బండి బుద్ధిగా స్టార్టయ్యేది. యాత్రికులు ఆయనకే దండం పెట్టేవారు. తోటి డ్రైవర్లు "సామీ" అని పిలవసాగారు. ఆయన నుదుటి బొట్టు వారం వారం పెద్దదవుతూ వచ్చింది.

ధనశేఖర్ మాత్రం దండం పెట్టలేదు. "ఇంకోసారి కొండమింద బండి ఆగిందని నా సెవిన పడితే, తాళం ఢిల్లీబాబుకు ఇచ్చేస్తా, సూడు" అని, బండి లేక ఖాళీగా ఉన్న ఆ డ్రైవరును చూపించాడు.

ఆ కారు తప్ప సామికి వేరే బతుకు లేదు. రేణిగుంటలో మెకానిక్ నియాజ్ దగ్గరికి పరిగెత్తాడు. ఇంజను తప్పులు పట్టే మిషన్ పెట్టి చూస్తే ఏమీ కనపడలేదు. వేడి మీద చూడాలని నియాజ్ తానే ఎక్కి, మిట్టమధ్యాహ్నం శ్రీకాళహస్తి రోడ్డు పట్టించాడు. బండి ఆగింది. చెంగల్రాయుడు టెంకాయ తీశాడు. కర్పూరం అంటించేలోపే నియాజ్ బానెట్ ఎత్తి, ఇంజను పక్కనున్న వేలెడంత సెన్సార్ మీద సీసాడు నీళ్లు పోసి తాళం తిప్పాడు. ఇంజను మోగింది.

"ఇంజను యాడికి తిరిగిందో సెప్పేది ఇదేనప్పా. కాగితే దీని నోరు పడిపోతాది, బండి ఆగిపోతాది. నువ్వు పూజ సేసేంతలో సల్లారతాది. నీ మహిమ అంతే!"

కొట్టని టెంకాయ చేత్తో పట్టుకుని చెంగల్రాయుడు సిగ్గుతో చచ్చిపోయాడు. సెన్సార్ మార్చారు.

ఆ తర్వాత బండి ఆగలేదు, దండాలే ఆగిపోయాయి. కొండ మీద దిగినవాళ్లు ఆయన ముఖమైనా చూడకుండా సామాను దించుకుని పోతుంటే మనసు చివుక్కుమనేది. ఒకనాడు నగరి నుంచి వచ్చిన కుప్పమ్మ అనే పెద్దావిడ వెనక సీట్లో గోవింద నామం చెప్పుకుంటోంది. బండి ఆగే పాత మలుపు రాగానే మహానుభావుడి చెయ్యి ఊరుకోలేదు. బండిని పక్కకు తీసి గుట్టుగా తాళం వెనక్కి తిప్పాడు.

"అయ్యో, ఆగిపాయనే!"

"బయపడొద్దమ్మా, నేను లేనా?" అని డిక్కీ తెరిచాడు. తంతు ఒక్కటీ వదలకుండా జరిపించాడు. బండి కదిలేసరికి కుప్పమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ సంతోషం పట్టలేక, దిగగానే కారు అద్దం మీదున్న ఓనరు నంబరుకు ఫోన్ చేసింది.

"నాయనా, నీ డ్రైవరు మామూలు మనిషి కాదు. కొండమింద సచ్చిపోయిన బండిని బతికించినాడు!"

ఆ సాయంత్రం డ్రైవర్లందరి ముందూ ధనశేఖర్ తాళం కోసం చెయ్యి చాచాడు. "బండి ఆగిందా లేదా?"

బండి బాగానే ఉంది, తానే ఆపానని ఒప్పుకుంటే తాళం మిగిలేదేమో. కానీ చుట్టూ ఉన్నవాళ్లంతా ఆయన్ని సామీ అని పిలిచేవాళ్లే.

"ఆగిందన్నా. నేనే బతికించినా" అని చెంగల్రాయుడు తాళం తీసి ఢిల్లీబాబు చేతిలో పెట్టాడు.