బంచరాయిలో ఎనిమిది అద్దాలు

1995 ఎండాకాలం. సిద్దిపేటలో మాది మోటార్లు, పైపులు అమ్మే దుకాణం. సోలార్ పంపు బిగించడం అప్పటికి నాకు రెండోసారి. మాటలు మాత్రం ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడిలా చెప్పేవాణ్ని. గల్లాపెట్టె పక్కన పెరిగినవాళ్లకు అది పుట్టుకతో వస్తుంది.

నంగునూరు దగ్గర ఒక ఊరికి తాగునీటి పంపు మంజూరైంది. బోరు పడింది బంచరాయిలో, అంటే ఊరి గొర్రెలు, పశువులు మేసే ఉమ్మడి జాగలో. అక్కడే నడుమెత్తు స్టాండ్ల మీద ఎనిమిది ప్యానెళ్లు బిగించాం. ప్యానెల్ అంటే ఎండ తగిలితే కరెంటు పుట్టించే అద్దపు పలక. బ్యాటరీ లేదు, ఎండ ఉన్నంతసేపే పంపు నడుస్తుంది. చుట్టూ ఎకరం మేర ఫెన్సింగ్ వేసే రోజున కొమురయ్య అనే గొర్ల కాపరి గేటుకు అడ్డంగా కూర్చున్నాడు.

"సేటూ, గడ్డి మిగిలిన జాగ గిదొక్కటే. గిది గుంజుకుంటే నా మంద ఏం తినాలె? నీ అద్దాలు తినాల్నా?"

ప్యానెళ్ల కింద గడ్డి పెరిగితే కోయించాల్సింది నేనే. ఆ సంగతి దాచిపెట్టి బేరం మొదలుపెట్టాను.

"మేపుకో. గొర్లే, మేకలొద్దు, అవి పైకెక్కుతయి. ఒక్క అద్దం పలిగినా నాలుగు పొట్టేళ్లు నావి."

రెండంటాడు, మూడుకు తెగుతుంది అనుకున్నాను.

"సరే సేటూ, నాలుగే."

ఉసూరుమనిపించింది. ఆరు అడగాల్సింది.

మూడు వారాలకు సర్పంచ్ దుకాణానికే వచ్చాడు. "పొద్దుగాల సన్నగ ధార పోస్తది. పది గొట్టంగనే బందు. గొర్లు తీగలు గొరికినయంటున్నరు. రేపటి సంది వాని మందను గేటు దాటనియ్య."

నేనూ తలూపాను. మనసులో నాలుగు పొట్టేళ్లనూ అప్పుడే దుకాణం ముందు కట్టేసుకున్నాను.

మిట్టమధ్యాహ్నం ఇద్దరం బంచరాయికి చేరాం. గేటు దగ్గరే నా కాళ్లు ఆగిపోయాయి. దూరం నుంచే తళతళలాడాల్సిన ప్యానెళ్లు ఒక్కటీ కనబడలేదు. ఎవరో ఎత్తుకుపోయారనుకున్నాను. దగ్గరికి ఉరికితే, స్టాండ్ల మీద నల్లటి గొంగళ్లు పరిచి, గాలికి లేవకుండా కొసలు తాళ్లతో కట్టి ఉన్నాయి. కింద నీడలో గొర్రెలు తీరిగ్గా మేస్తున్నాయి. కొమురయ్య మాత్రం బోడి నెత్తితో ఎండలో నిలబడి ఉన్నాడు. పెదవులు పగిలిపోయాయి.

"గిదేంది కొమురయ్యా?"

"మంద తొక్కులాటకు రాళ్లెగిరి తాకుతయని, మేపినంతసేపు కప్పుతున్న సేటూ. నాదొక్కటి సాలలె. మా పాలోళ్లయి, అన్నదమ్ములయి గూడ తెచ్చిన. సూస్కో, ఒక్కటి పలగలె."

సర్పంచ్ గొంగళ్లను తడిమి చూసి నావైపు తిరిగాడు.

"మంచిగనే కాపాడిండు గద సేటూ. మరి నీళ్లెందుకు రాలె?"

రెండో దెబ్బ అది. సోలార్ అంటే ఊళ్లో అందరూ కంపెనీ పేరనుకున్నారట. షరతులు ఒక్కటీ మరవకుండా చెప్పిన నేను, ఆ అద్దాలు ఎండతో నడుస్తాయన్న ముక్క ఆ ఊళ్లో ఒక్కరికీ చెప్పలేదు!

ముడులన్నీ నేనే విప్పాను. చివరి గొంగడి తీసేసరికి పైపు గడగడలాడి, ధార తొట్టిలోకి దూకింది. గొర్రెలు తలలెత్తాయి. కొమురయ్య ధారను, ఆకాశాన్ని, నన్ను వరుసగా చూశాడు.

"ఎండతోని నడుస్తదా? గా మాట పొట్టేళ్లడిగిననాడు చెప్తే నీ నోటి ముత్యాలు రాలునా?"

సర్పంచ్ పకపకా నవ్వి, "మంద ఈడనే ఉండనీ" అన్నాడు. పొట్టేళ్ల షరతు నేను అక్కడికక్కడే ఎత్తేశాను. కొమురయ్య గొంగడి నెత్తిన వేసుకుంటూ, "అద్దాల మీది దుమ్ము దినాం తుడుస్త. మరి మేకలు గూడ...?" అన్నాడు. నాకంటే గట్టివాడే.

ఆ తర్వాత ఏ ఊళ్లో పంపు బిగించినా, షరతుల జోలికి పోకముందే ఊరివాళ్లందరినీ పిలిచి, ప్యానెళ్ల మీద ఒక గొంగడి కప్పి, ధార ఆగిపోవడం చూపిస్తాను. అది తీశాకే బేరం. ఆ గొంగడి కొమురయ్య దగ్గర కొన్నదే. నా జన్మలో అడిగిన ధరకే తీసుకున్న వస్తువు అదొక్కటే.