దొరసానమ్మ పటం

నెల్లూరులో పటాలు కట్టే దుకాణదారు పాత ఫ్రేము వెనక మేకులు పీకగానే, అట్ట చాటు నుంచి సున్నమూ కలరా ఉండలూ రాక్షసిబొగ్గు పొగా కలిసిన వాసన ఒకటి బయటికి వచ్చింది. అది మా బిట్రగుంట వాసన. అరవై ఏళ్లు ఆ అట్ట కింద ఎలా దాక్కుందో మరి.

మా నాయన లోకోషెడ్డులో ఫిట్టరు. రైల్వే కాలనీలో మా రెండు గదుల క్వార్టరుకు అలంకారం అంటూ ఉంటే ఈ పటమే. పందొమ్మిదో శతాబ్దంలో ఎక్కడో శీమలో అచ్చయిన ఒక తెల్లామె బొమ్మ: చెవుల మీదికి దువ్వి ముడిచిన జుట్టు, చేతిలో పాటల కాగితం, పాట ఎత్తుకోబోతున్నట్టు కొద్దిగా తెరిచిన నోరు. దేశం విడిచిపోతున్న ఇంజన్ డ్రైవరు దొర ఇంటి సామాను అమ్ముతుంటే మా అవ్వ కొనుక్కొచ్చింది. కరువులో తల్లినీ తండ్రినీ పోగొట్టుకున్న అవ్వను మిషన్ బంగళాలో పెంచి, పాటలు నేర్పి, ఒకనాడు ఓడెక్కి వెళ్లిపోయిన దొరసానమ్మ ఈమేనని అవ్వ అందరికీ చెప్పేది. తల్లి అని చెప్పుకోవడానికి ఆమెకున్న ముఖం అదొక్కటే.

"ఏం అత్తా, మీ దొరసానమ్మ భుజాల మీద గుడ్డ లేదే?" అని పక్కింటి మార్తక్క ఎగతాళి చేసేది.

"మన ఎండలు ఆమె ఓర్చుకోలేకపోయింది మే. నీ మాదిరి మొద్దు తోలా ఆమెది?" అనేది అవ్వ.

డిసెంబరు వస్తే గోడలకు సున్నం కొట్టేవాళ్లు. నాయన కట్టిన రంగుకాగితాల తోరణాల మీద రెండు రోజులకే షెడ్డు మసి పడేది. అరిసెల పాకం వాసన, సముద్రం వైపు నుంచి వచ్చే చలిగాలి, ఇంటింటికీ తిరుగుతూ పాడే గుడివాళ్ల డోలు చప్పుడు, అన్నీ కలిసి క్రిస్మస్ అయ్యేవి. పటం దించి తుడవడం నా పని. ఒక ఏడాది, కొత్తగా నాకు ఇంగ్లీషు కూడబలుక్కొని చదవడం వచ్చింది. అడుగున సన్నటి అక్షరాల్లో ఒక పేరు, ఒక ఊరు, నాటకశాలలో ప్రసిద్ధ గాయని అనే మాట కనిపించాయి. చదవగలిగానన్న సంబరం పట్టలేక అరిచాను.

"అవ్వా, ఈమె దొరసానమ్మ కాదు! నాటకాల్లో పాడే ఆమె. కింద రాసుండారు."

అరిసెలు వత్తుతున్న మార్తక్క చెయ్యి ఆగిపోయింది. ఆమె కూడా నవ్వలేదు. అవ్వ లేచి, నాయన చేత ఫ్రేము విప్పించి, కత్తెరతో ఆ అక్షరాల అంచు కత్తిరించి పొయ్యిలో వేసింది.

"అచ్చేసినోళ్లు తప్పు రాసినారు. నోరు ముయ్యి మే, అరిసెలు మాడిపోతుండాయి."

ఆ తర్వాత ఆ సంగతి ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. కొన్నేళ్లకు అవ్వ మంచం పట్టింది. ఒక మధ్యాహ్నం నేను కాళ్లు వత్తుతుంటే పటం వైపు చూస్తూ తనే అన్నది:

"నువ్వు చదివింది నిజమే. దొరసానమ్మ గొంతు నాకు ఇప్పుడూ వినపడతా ఉంది. ముఖమే, నాకు పదేళ్లు రాకముందే మరిచిపోయినా. ఏదో ఒక ముఖం ఉండాల గదా."

ఆవిరి ఇంజన్లు పోయాయి, షెడ్డు పోయింది. మా క్వార్టరు కప్పు కూలి లోపల తుమ్మచెట్టు మొలిచింది. పత్రికలో ముప్పై ఏళ్లు ఎవరెవరి పేర్లో తప్పు పోకుండా దిద్ది పంపిన నాకు, ఆ రోజు గొంతెత్తి చదివిన పేరు ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు.

దుకాణదారు పటాన్ని వెలుగులోకి పట్టుకుని చూశాడు.

"కింద పేరేమన్నా రాయించాల్నా అమ్మా?"

"వద్దయ్యా," అన్నాను. "అద్దం మార్చు, చాలు."