భర్త పేరు అనే గడి

ఆ రోజుల్లో ప్రభుత్వం దగ్గర డబ్బుండేది, పల్లెల్లో అవసరముండేది, రెండింటి మధ్యలో ఒక ఫారముండేది. ఆ ఫారాన్ని చంకన పెట్టుకుని తిరిగే ఉద్యోగం నాది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ఇరవయ్యేళ్లు నిండీ నిండగానే, జమ్మలమడుగు పక్కన ఒక పల్లెకు నన్ను గ్రామసేవికగా వేశారు. రెండు నేతచీరలు, ఒక గొడుగు, దేశాన్ని ఉద్ధరించడానికి సరిపడా అహంకారం వెంట తెచ్చుకున్నాను. (గొడుగు మొదటి వారంలోనే పోయింది. అహంకారం పోవడానికి ఇంకొంచెం కాలం పట్టింది.)

ఊళ్లో ఉన్న రెండు బావులూ ఉప్పునీళ్లే. ఆ నీళ్లతో పప్పు ఉడకదు, దాహం తీరదు. తాగే నీళ్ల కోసం ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి, పెన్న ఇసుకలో చెలమలు తవ్వి, చిప్పతో తోడి బిందెలు నింపుకునేవారు. నెలలు నిండినవాళ్లకూ ఆ నడక తప్పేది కాదు. నేను వెళ్లిన నెలలోనే ఒక పిల్ల ఆ దారిలో బిందెతో సహా పడి, కడుపు పోగొట్టుకుంది. ఆ రోజు నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లు మండే కోపమూ వచ్చింది. బ్లాకు ఆఫీసులో విచారిస్తే, బావికి డబ్బుంది గానీ ఊళ్లో ఇరవై మందితో మహిళా మండలి ఉంటేనే ఇస్తామన్నారు. గడప గడపా ఎక్కి ఇరవై మందిని కూర్చాను. ఇక ఆఫీసరు వచ్చి చూసుకుని సంతకం పెట్టడమే మిగిలింది. అదీ మార్చి ముగిసేలోగా కావాలి, లేకపోతే బావి ఇంకో ఊరికి పోతుంది.

ఆఫీసరుగారిది కృష్ణా డెల్టా. మంచివారే గానీ, అంతకుముందు వెళ్లిన ఊళ్లో మగవాళ్లే అన్నీ చెప్పి, లేని ఆడవాళ్లను కూడా మండలిలో చేర్పించారట. ఆ దెబ్బతో ఆయన బడి ముందు కుర్చీ వేసుకుని, మగవాళ్లందరినీ వీధి అవతల నిలబెట్టి, "ప్రతి ఒక్కరూ తమ పేరూ, భర్త పేరూ తమ నోటితో చెప్పాలి. నేనే రాసుకుంటాను" అన్నారు. ఫారంలో ఆ గడి ఉందని తెలిసీ, దాని సంగతి ఒక్క క్షణం కూడా ఆలోచించని తెలివి నాది!

వరసలో మొదట నేను అద్దెకుండే ఇంటి పెద్దత్త. తన పేరు ఖంగుమని చెప్పింది. భర్త పేరు అడగగానే కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అది యాడన్నా చెప్తారా సామీ? ఆయప్పకు ఆయుస్సు తగ్గదూ?" అంది. ఆయన బతిమాలితే చివరికి, "అహోబిలం కొండ మీద సామి ల్యాడా, ఆ సామి పేరే" అంది. ఆయన తృప్తిగా 'నరసింహం' అని రాసుకున్నారు. రెండో ఆవిడా ఆ కొండే చూపించింది. మూడో ఆవిడా అంతే. ఏడో నరసింహం దగ్గర ఆయన కలం ఆపి, "ఏమిటమ్మా ఇది, ఊరంతటికీ ఒక్కడే భర్తా?" అన్నారు.

"నరసింహమా? వాడెవుడు సామీ? మా ఊర్లో ఆ పేరు గలాయనే ల్యాడే!" అని పెద్దత్త లబలబలాడింది.

అసలు పేరు ఓబులేసు. అహోబిలేశుడే ఆ ఊరి నోళ్లలో అలా అయ్యాడు. అక్కడ మగబిడ్డ పుడితే వేరే పేరు వెతికే శ్రమ ఎవరూ పెట్టుకోరు. ఆఫీసరుగారు, "లేని మనిషిని నాచేత ఏడుసార్లు రాయించారు" అంటూ ఫైలు కట్టేస్తున్నారు. పక్కావిడ భర్త పేరు పక్కావిడ చెప్పవచ్చు కదా అని నేను మహా తెలివిగా అడ్డుపడ్డాను. అదీ పారలేదు. ఎవరి భర్త పేరైనా సరే, తన భర్త పేరూ అదే అయినప్పుడు నోట ఎలా పలుకుతుంది? భర్త కాకపోతే మామ, మామ కాకపోతే బావ, ప్రతి ఇంట్లోనూ ఒక ఓబులేసు ఉండనే ఉన్నాడు. నా కళ్ల ముందే బావి పూడిపోతోంది.

అప్పుడు వరస చివరి నుంచి పరుపులవ్వ లేచింది. ఊళ్లో ఒకే ఒక్క దూదేకుల ఇల్లు ఆమెది, ఓబులేసు లేని ఇల్లూ అదొక్కటే.

"ఆ కాగితం ఇట్లా తిప్పు సామీ. ముప్పయ్యేండ్లుగా వీళ్ల ఇండ్లల్లో దూది ఏకతాండా. యా పరుపు ఎవురిదో నాకు తెలీదా?" అని, కొంగు బిగించి మొదలుపెట్టింది. "ఈమె మొగుడు పెద్ద ఓబులేసు. ఈమెది నడిపి ఓబులేసు. ఈమెది పొట్టి ఓబులేసు, గొర్రెలు మేపుతాంటాడు. ఈమెది గురక ఓబులేసు."

"గురక అని కూడా రాయాలా?" అన్నారు ఆఫీసరుగారు.

"రాయి సామీ. లేకుంటే పక్కింటాయనతో కలిసిపోతాడు!"

వీధి అవతల పేరు వచ్చిన ప్రతి ఓబులేసూ చెయ్యెత్తి నిలబడ్డాడు. (గురకాయన కొంచెం ఆలస్యంగా ఎత్తాడు.) పంతొమ్మిది గడులు నిండాయి. ఇరవయ్యోది తన వంతు రాగానే, అంతసేపూ గలగలలాడిన పరుపులవ్వ తల వంచుకుని, కాలి బొటనవేలితో నేల గీయడం మొదలుపెట్టింది. ఆఫీసరుగారు దీనంగా నా వైపు చూశారు. ఆయన చూపు తిరగకముందే పంతొమ్మిది గొంతులు ఒక్కసారిగా బడి పెంకులు ఎగిరిపోయేలా అరిచాయి: "మస్తానూ!"

ఆయన కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుని మరీ నవ్వారు. అలా నవ్వుతూనే సంతకం పెట్టారు. పరుపులవ్వను ఆ పూటే మండలికి అధ్యక్షురాలిని చేశారు. వేసవిలో ఊరంతా గునపాలు పట్టుకుని తవ్వితే తియ్యటి నీళ్లు పడ్డాయి. మొదటి చేద అవ్వే తోడి నా దోసిట్లో పోసింది. అంత గొప్ప నీళ్లు నేను మళ్లీ తాగలేదు.

ముప్పయ్యేళ్లకు పైగా వందలమంది ఆడవాళ్లచేత ఆ గడి నింపించి, రిటైరయ్యాను. పింఛను పని మీద ప్రొద్దుటూరు ఆఫీసుకు వెళితే గుమాస్తా కుర్రాడు, "మీ ఆయన పేరేందమ్మా?" అని అడిగాడు. నోరు తెరిచాను. పేరు గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది. వెనక జనం విసుక్కుంటున్నారు. ఇక చేసేది లేక, నా పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని ఆవిడకు నా చేతిలోని కవరు చూపించి, "తల్లీ, దీని మీద మా ఆయన పేరుంది. కాస్త గట్టిగా చదివి పెట్టమ్మా" అన్నాను.